ఇంకా నాలుగు నిమిషాలు

మొన్న మా అమ్మాయి స్కూల్ నుంచి వయొలిన్ పెట్టెతో పాటు నాలుగు కాగితాలు పట్టుకొచ్చింది. వేసవి కచేరీలో వాళ్ల ఆర్కెస్ట్రా వాయించబోయే పాట అట. లండన్ దగ్గర హారోలో మా వంటింటి బల్ల మీద పప్పు గిన్నె పక్కకు జరిపి, ఆ కాగితాలు పరిచి, పైనున్న స్వరకర్త పేరు చదవడానికి నానా తంటాలు పడుతోంది. నేను చేతులు తుడుచుకుంటూ తొంగిచూసి ఆ పేరు గబుక్కున పలికేశాను. ఒత్తు పడాల్సిన చోట ఒత్తు, దీర్ఘం ఉండాల్సిన చోట దీర్ఘం.

"మమ్, హౌ డూ యూ నో దట్?" అంది. వాళ్ల టీచర్‌కి కూడా నోరు తిరగలేదట.

"ఆయన కాళ్లకు నేను కట్లు కట్టానమ్మా" అన్నాను.

అది పడీపడీ నవ్వింది. కాగితం మీద పేరున్న మనుషులకు కాళ్లు కూడా ఉంటాయని పదకొండేళ్ల పిల్లకు తట్టదు. నాకు నవ్వు రాలేదు. కూర మాడుతోందని వంక పెట్టి పొయ్యి వైపు తిరిగాను. ఆయన విషయంలో జరిగింది ఇన్నేళ్లలో ఎవరితోనూ చెప్పలేదు, మా ఆయనతో సహా. ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన పేరు తలుచుకున్నప్పుడు దాని పక్కన నేను గుర్తుకు రాకూడదు.

నేను బ్రిటన్‌కు, వేల్స్‌లోని కార్డిఫ్‌కు వచ్చింది రెండు వేల ఒకటి చివర్లో. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను. అయినా ఈ దేశంలో నర్సుగా నమోదు కావాలంటే ఆరు నెలలు, ముసలివాళ్లు ఉండే ఒక నర్సింగ్ హోమ్‌లో వేరొకరి కింద పనిచేసి, "ఈమెకు పని వచ్చు" అని మేనేజర్ చేత సంతకం పెట్టించుకోవాలి. దాన్ని అడాప్టేషన్ అనేవాళ్లు. సంతకం పడితేనే రిజిస్ట్రేషన్. అది వస్తేనే అసలు వర్క్ పర్మిట్, అప్పుడే మా ఆయన, పిల్ల రాగలరు. పిల్లకు అప్పుడు నాలుగేళ్లు. వారానికోసారి ఫోన్లో "అమ్మా, నువ్వు ఏ రంగు చీర కట్టుకున్నావ్?" అని అడిగేది. యూనిఫాం అంటే దానికి అర్థమయ్యేది కాదు. అందుకని ఏదో ఒక రంగు చెప్పేదాన్ని. ఆ ఆరు నెలలూ నా బతుకంతా ఆ సంతకం చుట్టూనే తిరిగింది.

ఆయన ఉండేది పై అంతస్తులో చివరి గది. ఫిన్లాండ్ మనిషి. ఎనభై దాటాయి. పక్షవాతంతో కుడి చెయ్యి పోయింది, కాళ్ల మీద మానని పుళ్లు. నేను మొదటిసారి ఆ గదిలోకి వెళ్లింది జనవరిలో. కిటికీ బార్లా తెరిచి ఉంది. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని, బల్ల ముందు కూర్చుని ఉన్నారు. అయ్యో పాపం, ఎవరో మూయడం మర్చిపోయారని నేను పరుగున వెళ్లి కిటికీ మూశాను. ఎడమచేత్తో బల్ల మీద ఫెడీమని ఒక్క దెబ్బ వేశారు.

"తెరువు. వెచ్చటి గదిలో నాకేమీ వినిపించదు" అన్నారు.

తెరిచాను. చలికి పళ్లు టకటకలాడుతుండగానే ఆ పూట కాలికి కట్టు మార్చాను. ఆయన నా చేతుల వైపు కూడా చూడలేదు. కట్టు పూర్తయ్యాక థాంక్యూ లేదు. ఈ దేశంలో బస్సు దిగుతూ డ్రైవర్‌కు కూడా థాంక్యూ చెప్పే జనాన్ని చూసీచూసీ ఉన్నానేమో, ఎంత పొగరు అనుకున్నాను. పొగరే. ఉండేది, దండిగా.

అక్కడ పెద్దవాళ్లందర్నీ పేరు పెట్టి పిలవడం ఆచారం. ఎనభై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక "సార్" అనేదాన్ని. రెండో వారంలో ఒకరోజు "నా పేరు నీకు తెలుసా?" అని అడిగారు. ఆయన ఒకసారి పలికారు, నేను తిరిగి పలికాను. తల ఎత్తి మొదటిసారి నా ముఖం చూశారు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా తన పేరులోని ఒత్తును ఎవరూ ఒత్తలేదట, ఆఖరికి పెళ్లాం కూడా. మా భాష నిండా ఒత్తులే సార్ అన్నాను. ఏదీ, కొన్ని చెప్పమన్నారు. అక్క, అన్నం, గుడ్డు, నెయ్యి, పిల్ల అని వరసపెట్టి చెబుతుంటే ఆయన వేలు బల్ల మీద ఒక్కో మాటకూ ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలింది. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడారు. మిగతావాళ్లతో మాట్లాడినట్టు నేను చూడలేదు.

కాఫీ విషయంలో ఆయనది మహా చాదస్తం. రోజుకు ఏడెనిమిది కప్పులు, పాలు వెయ్యకూడదు, చక్కెర కలపకూడదు. చక్కెర గడ్డను ముందుపళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా కాఫీ పీల్చేవారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో అందరూ అలాగే తాగేవారట. మా నాయనమ్మ బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని డికాక్షన్ తాగేదని చెబితే, ఆమెకు పాట వచ్చా అని అడిగారు. రాదన్నాను. "అయినా మంచి మనిషే అయ్యుంటుంది" అన్నారు. అది ఆయన నోటి నుంచి నేను విన్న పెద్ద పొగడ్త.

సోమ, బుధ, శుక్రవారాలు కట్లు మార్చే రోజులు. ఒక్కో కాలికి ఇరవై నిమిషాలు. పుండు కడుగుతుంటే మంటకు ఓర్చుకోవడానికి మాట్లాడేవారనుకుంటాను. ఆయన జీవితం నాకు తెలిసింది ఆ ముక్కలుముక్కల మాటల్లోనే, అదీ వరస లేకుండా. నాన్న నదిలో దుంగలు తేల్చే కూలీ. ఒడ్డున కూర్చుని దుంగకు దుంగ తగిలే చప్పుళ్ల మధ్య ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టడం ఈయన చిన్ననాటి ఆట. చర్చిలో కాలితో తొక్కే హార్మోనియం మొదటి వాద్యం. మా నాన్న కూడా చర్చిలో హార్మోనియం వాయిస్తాడంటే, "అయితే మీ నాన్నకూ మోకాళ్లు నొప్పి ఉంటుంది" అన్నారు. నిజంగానే ఉంది.

పందొమ్మిదేళ్లకే యుద్ధానికి పోయారు. దాని గురించి చెప్పింది ఒక్క మాటే. చప్పుడు కాదట భయపెట్టేది, చప్పుడు ఆగాక వచ్చేదట. తిరిగొచ్చి రాసిన సంగీతమంతా ఆ భయానికి విరుగుడు. "వందమంది వాద్యగాళ్లు ఉంటే వందమందినీ ఊపిరాడకుండా వాయించేవాణ్ణి. ఇంకెవరైనా మాట్లాడతారేమోనని భయపడే మనిషిలా రాశాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లకూ అదే భయం" అన్నారు. మా అమ్మాయి తెచ్చిన పాట ఆ రోజులదే. తర్వాత ఒక వేల్స్ గాయనిని పెళ్లాడి ఆమె వెంట ఈ ఊరు వచ్చేశారు. ఆమె పాడుతుంటే విని, పాట మధ్యలో ఆమె గాలి పీల్చుకునే జాగా ఉంటుందని నలభై ఐదేళ్లకు తెలిసిందట. అప్పట్నుంచి వాద్యాలు తీసేస్తూ వచ్చారు. వందమంది పది మందయ్యారు, పది మంది నలుగురయ్యారు. ఆమె పోయాక ఇక మిగిలింది ఒట్టి గొంతులే. పిల్లలు లేరు.

నేను చూసినప్పుడు ఆయన రాస్తున్నది ఆడవాళ్లు పాడటానికి, వాద్యాలు లేకుండా, పదకొండు నిమిషాల పాట. మే నెల వచ్చేసరికి ఏడు నిమిషాలు కాగితం మీదికి వచ్చాయి. ఇంకా నాలుగు నిమిషాలు రావాలి. రాసే చెయ్యి పడిపోయింది కాబట్టి ప్రతి గురువారం హ్యూ అనే పాత శిష్యుడు వచ్చేవాడు. యాభై ఏళ్ల మనిషి, బట్టతల, చేతిలో ఎప్పుడూ తడిసిన గొడుగు. ఆయన చెప్పేది హ్యూ పెన్సిల్‌తో రాసుకునేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయన చేసే పని వేరు. పొద్దున పదింటికి మొదలుపెట్టి బల్ల మీద ఎడమచేత్తో కొట్టుకుంటూ కూర్చునేవారు. మెల్లగా నాలుగు, ఆగడం, రెండు, చాలాసేపు ఆగడం. తప్పు పోయిందనిపిస్తే ఫెడీమని దెబ్బ, వాళ్ల భాషలో ఒక అరుపు, మళ్లీ మొదటికి. ఆ సమయంలో ఎవరైనా లోపలికి వస్తే గద్దించి బయటికి పంపేవారు.

"స్వరాలదేముంది, అవి చివర్లో వస్తాయి" అని ఒక శుక్రవారం నాకు చెప్పారు. "ముందు ఎంతసేపు, ఎక్కడ ఆగాలి అనేది తేలాలి. అది తేలితే గంటలో హ్యూకి చెప్పేస్తాను."

కాబట్టి ఆ కొట్టుకోవడం ఏమిటో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఇంకోరోజు తన గురువు సంగతి చెప్పారు. చాలా పేరున్న మనిషట. చివరి పదేళ్లు ఒక్క గీత రాయలేదట. దేశమంతా ఆహా అన్నది, చెప్పాల్సింది చెప్పేసి మౌనంలోకి వెళ్లిన జ్ఞాని అన్నది. "ఆ పదేళ్లూ నేను ఆయన పక్కన కూర్చున్నాను. అది జ్ఞానం కాదు. తాగుడు, భయం. పొద్దున్నే కాగితం చూస్తే చేతులు వణికేవి. అయినా జనానికి మౌనం అంటే మోజు" అన్నారు. పుండు మీద మందు రాస్తున్న నా చేతిని ఎడమచేత్తో ఆపి, "నేను ఆగిపోతే, నా అంతట నేనే ఆగానని ఎవర్నీ చెప్పనివ్వకు. నీకు నా పేరు పలకడం వచ్చు. నువ్వు చెప్పాలి" అన్నారు.

"అలాగే సార్, మీరెందుకు ఆగిపోతారు" అన్నాను. మన అలవాటు కదా, పెద్దవాళ్లు ఏది అడిగినా అలాగే అనేయడం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ హోమ్‌లో ప్రతి షిఫ్ట్ చివరా ఒక్కో మనిషి గురించి నోట్స్ రాయాలి. అక్కడ పెద్దవాళ్ల ఆలనాపాలనా చూసే కేరర్లు ఏళ్ల తరబడి ఒకే ముక్క రాస్తూ వచ్చారు. బాగా తిన్నారు, బాగా పడుకున్నారు, సెటిల్డ్. అంటే గొడవేమీ లేదు, కుదురుగా ఉన్నారని. నరసరావుపేట సుగుణక్క అక్కడ ఎనిమిదేళ్లుగా కేరర్. నేను ఆమె ఇంట్లోనే ఒక గదిలో ఉండేదాన్ని. ఆమె కూడా అదే రాసేది. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. మా నర్సింగ్ స్కూల్లో సిస్టర్ స్కేలుతో వేళ్ల మీద కొట్టి నేర్పింది ఒకటే: చూసింది రాయాలి, అనుకుంది రాయకూడదు, టైము వెయ్యాలి. నాది ముత్యాల్లాంటి దస్తూరి. రాశాను. "10.20 నుంచి 11.05 వరకు ఎడమచేత్తో బల్ల మీద కొట్టారు. తొమ్మిదిసార్లు గట్టిగా కొట్టారు. ఐదుసార్లు అరిచారు. గదిలోకి వెళ్లిన కేరర్‌ను గద్దించి పంపేశారు." రోజూ ఇలాగే, అరపేజీ.

సంగీతం కడుతున్నారు అని ఒక్కనాడూ రాయలేదు. అది నేను చూసింది కాదు, అనుకుంది. పైగా ఆ కాగితం మీద ఉన్న గడి పేరు ప్రవర్తన.

"ఏందే నువ్వు, నోట్స్ రాస్తన్నావా రామాయణం రాస్తన్నావా?" అని సుగుణక్క గొడవపడేది. "సెటిల్డ్ అని ఒక్క ముక్క పడేసి రారాదా? బస్సు పోతంది."

"పొద్దుట్నుంచి బల్ల బద్దలు కొడుతుంటే సెటిల్డ్ అని ఎట్టా రాస్తాం అక్కా? అబద్ధం కాదా?"

"ఆ ముసలాయన పని ఆయన చేసుకుంటన్నాడు. నీకేమన్నా అడ్డమొచ్చాడా?"

నాకు ఆమె మాట బద్ధకంగా తోచింది. మేనేజర్ ఒకరోజు షిఫ్ట్ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో నా ఫైలు ఎత్తి పట్టుకుని అందరికీ చూపించింది. నోట్స్ అంటే ఇలా ఉండాలి, చూసి నేర్చుకోండి అంది. నా మొహం చాటంత అయింది. ఆ ఆదివారం నాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఆయన చర్చిలో నా కోసం కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించాడు.

మే నెలలో తనిఖీవాళ్లు వస్తారని కబురు వచ్చింది. ఫైళ్లన్నీ సరిచూస్తూ మేనేజర్ ఆయన ఫైలు జీపీ ముందు, అంటే హోమ్‌కు వచ్చే డాక్టర్ ముందు, పెట్టింది. జీపీ మంచివాడే, నెమ్మదస్తుడు. నా పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. నాలుగు నెలలు, రోజూ అలజడి, గంటా నిమిషాలతో సహా. అంతకుముందు మూడేళ్లూ ఫైలు నిండా సెటిల్డ్. ఎవరు చూసినా ఏమనుకుంటారు? మనిషి ఈ మధ్యే దెబ్బతిన్నాడనే అనుకుంటారు. "చాలా బాగా రాశారు. దీనివల్ల పరిస్థితి స్పష్టంగా తెలుస్తోంది" అన్నాడు నాతో.

"డాక్టర్, ఆయన సంగీతం రాస్తారు" అన్నాను.

"అవును, విన్నాను. పాపం" అని మందు రాశాడు. రోజుకు రెండు మాత్రలు, కుదురుగా ఉండటానికి.

ఇంకొక్క వాక్యం చెప్పాల్సింది. ఆ కొట్టుకోవడమే ఆయన పని, జబ్బు కాదు అని. నోటిదాకా వచ్చింది. నా అడాప్టేషన్ పూర్తి కావడానికి రెండు వారాలే ఉంది. మేనేజర్ పక్కనే నిలబడి ఉంది. నేను రాసింది నేనే కాదంటే, నాలుగు నెలల నా నోట్స్ తప్పని ఒప్పుకున్నట్టే కదా అనిపించింది. మింగేశాను.

నాలుగైదు రోజుల్లోనే ఆ గదిలో చప్పుడు ఆగిపోయింది. పదిన్నర అయ్యేసరికి తల వాలిపోయేది. టోపీ కళ్ల మీదికి జారేది. హ్యూ వచ్చిన గురువారం ఆయన రెండు మాటలు మొదలుపెట్టి మూడో మాట దొరక్క నిద్రలోకి జారిపోయారు. ఏమైందని హ్యూ అడిగితే, వయసు కదా అంది మేనేజర్. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట, అట్టయింది ఆయన పని" అని సుగుణక్క టీ తాగుతూ అంది. నన్ను అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాతి గురువారం పొద్దున నేను మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లేసరికి ఆయన మెలకువగా ఉన్నారు. ముందురోజు సాయంత్రం మాత్ర ఎందుకో వాంతి అయిపోయిందట. కళ్లు తేటగా ఉన్నాయి. చెయ్యి బల్ల మీద ఉంది.

"అంతా తేలింది" అన్నారు. నాలుక ఇంకా మందంగానే ఉంది. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నారు. "నాలుగు నిమిషాలూ తేలాయి. ఇవాళ హ్యూ వస్తాడు. ఆ మాత్ర ఇవాళ వద్దు. ఈ ఒక్క పూట."

"సరే సార్" అన్నాను.

నిజంగానే సరే అనుకున్నాను. మందు వద్దనే హక్కు మనిషికి ఉంది. చార్ట్‌లో దానికో గడి కూడా ఉంది, ఒక్క అక్షరం వేస్తే చాలు. వద్దన్నారని వేసి, ట్రాలీ తోసుకుంటూ పోవాలి. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర మేనేజర్. సంతకం పెట్టే ముందు నేను మందులు ఎలా ఇస్తున్నానో ఆమె చూసే రోజు అది. "ఏమంటున్నారు?" అంది. "కాఫీతో తీసుకుంటారట" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నేను ఈ రోజుకీ చెప్పలేను. ఆయనకు వీపు పెట్టి, ట్రాలీ మీద రెండు స్పూన్ల మధ్య మాత్ర నలిపాను. కాఫీలో కలిపాను. పళ్లెంలో చక్కెర గడ్డ పెట్టాను. ఆయన గడ్డను పళ్ల మధ్య పెట్టుకుని తాగడం మొదలుపెట్టారు. మేనేజర్ చూస్తోంది. సగం కప్పు అయ్యేసరికి చక్కెర కరిగిపోయింది. తర్వాతి గుక్క మందు చేదుతో ఆయన నాలుక మీద ఆగింది. మింగారు. కప్పు పళ్లెంలో జాగ్రత్తగా పెట్టారు. కప్పు వైపు చూశారు తప్ప నా వైపు చూడలేదు.

హ్యూ రెండింటికి వచ్చి, పెన్సిళ్లు చెక్కుకుని, గీతల కాగితం ముందు పెట్టుకుని నాలుగింటి దాకా కూర్చున్నాడు. ఆయన నిద్రపోతూనే ఉన్నారు. నాలుగుంబావుకి హ్యూ కాగితాలు సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకుని వెళ్లాడు. సోమవారం నా కాగితాల మీద మేనేజర్ సంతకం పడింది.

ఆ తర్వాత ఆయన నా చేతి కాఫీ ముట్టలేదు. సుగుణక్క ఇస్తే తాగేవారు, ఎవరిస్తే వాళ్ల దగ్గర తాగేవారు. నేను కప్పు పెడితే అది అలాగే చల్లారిపోయేది. కట్టు కట్టించుకునేవారు, కాలు చాపేవారు, మాట మాత్రం లేదు. మందు తెలివిని మొద్దుబార్చినా ఆ ఒక్కటి మాత్రం ఆయన మరిచిపోలేదు.

రిజిస్ట్రేషన్ వచ్చాక, ఆ శరత్కాలంలో, నాకు ధైర్యం వచ్చింది. చూడండి, సంతకం పడ్డాక వచ్చే ధైర్యం. జీపీని ఆపి, ఆ కొట్టుకోవడమే ఆయన పని అని మొత్తం చెప్పాను, కాఫీ సంగతి తప్ప. ఆయన పాపం తెల్లబోయి మందు తగ్గించాడు, తర్వాత ఆపేశాడు కూడా. కానీ ఈలోగా రెండోసారి పక్షవాతం వచ్చింది. మందు పోయినా ఆ నాలుగు నిమిషాలు తిరిగి రాలేదు. ఎడమచెయ్యి బల్ల మీద ఊరికే పడి ఉండేది. పొద్దున పదింటికి నేను ఏదో పని కల్పించుకుని ఆ గదిలోకి వెళ్లి, ఒక్క వేలైనా కదులుతుందేమోనని చూసేదాన్ని. కదలలేదు. నోట్స్‌లో నేను కూడా సెటిల్డ్ అని రాయడం మొదలుపెట్టాను. ఆయన విషయంలో ఆ మాట నిజమైంది అప్పుడే.

ఇంకో ఏడాదిన్నర బతికారు. ఈస్టర్ ముందు వారం, పట్టపగలు, భోజనాల వేళ పోయారు. నేనూ సుగుణక్కా ఒళ్లు తుడిచాం. నేను ఏడుస్తుంటే, "పోన్లేవే, మంచి సావు" అంది ఆమె. ఆమెకు కాఫీ సంగతి తెలియదు.

రెండు రోజుల తర్వాత హ్యూ గది ఖాళీ చెయ్యడానికి వచ్చాడు. పుస్తకాలు, ఉన్ని టోపీలు అట్టపెట్టెల్లో సర్దుతూ, ఉన్నట్టుండి మంచం మీద కూర్చుండిపోయాడు.

"ఒకటి అడగనా? చివర్లో ఆయనతో ఎక్కువ మాట్లాడింది మీరేనటగా" అన్నాడు. "నేను వారం వారం వస్తూనే ఉన్నాను. మిగతా పాట నాకు ఇవ్వలేదు. నేను సరిగా రాయలేనని అనుకున్నారేమో, నా మీద నమ్మకం పోయిందేమో అని రాత్రీ పగలూ అదే ఆలోచన. లేకపోతే వాళ్ల గురువుగారిలాగే ఆయనే ఆపేశారా? చాలు అనుకున్నారా?"

ఇదే, నేను నోరు విప్పాల్సిన చోటు. ఆయన నన్ను అడిగింది ఈ ఒక్కటే. అప్పటికి మా ఆయన, పిల్ల వచ్చి ఏడాది అయింది. పిల్ల స్కూల్లో చేరింది. నేను చెబితే విచారణ, నా రిజిస్ట్రేషన్ పోవడం, అందరం విమానం ఎక్కడం కళ్ల ముందు మెదిలింది. ఎదురుగా హ్యూ ముఖం. ఒక్క మాట కోసం అలమటిస్తున్న ముఖం. అతని మీద జాలితోనే అన్నానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"అవును, ఆయనే ఆపేశారు. ప్రశాంతంగా ఉన్నారు" అన్నాను.

హ్యూ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. థాంక్యూ అన్నాడు, ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

ఆ ఏడాది నవంబరులో ఆయన పాటను కార్డిఫ్‌లో ఒక పాత చాపెల్‌లో పాడించారు. హ్యూ నాకు రెండు టికెట్లు పంపాడు. మా ఆయనతో వెళ్లాను. చేతికిచ్చిన కాగితం మీద హ్యూ రాశాడు: మిగిలిన భాగం రాయకుండా వదిలేయాలని స్వరకర్తే నిశ్చయించుకున్నారు, ఆ నిర్ణయాన్ని గౌరవిస్తూ పాట ఆగిన చోట మనమూ మౌనంగా ఉందాం.

పదహారుమంది ఆడవాళ్లు నల్లబట్టల్లో నిలబడ్డారు. పాడటం మొదలైన నిమిషంలోనే నాకు అర్థమైంది. ఆ పాట నాకు తెలుసు. మెల్లగా నాలుగు, ఆగడం, రెండు, చాలాసేపు ఆగడం. అలజడి అని గంటా నిమిషాలు వేసి నేను రాసుకున్నదంతా అక్కడ గొంతుల్లో వస్తోంది. బల్ల మీద ఆయన చెయ్యి ఆగిన ఒక్కో చోటా పదహారుమందీ ఒక్కసారి ఆగుతున్నారు. అంత అందమైనది నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఏడు నిమిషాలు నిండబోతుండగా గొంతులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, ఎక్కడికో అడుగు వెయ్యబోతున్నట్టుగా ఆగిపోయాయి.

హ్యూ చేతులు గాలిలోనే ఉన్నాయి. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. మూడొందల మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను లేచి నిలబడి, ఇక్కడ ఇంకా ఉంది, మొత్తం తేలింది, నేనే తాగించాను అని అరవాలనుకున్నాను. కూర్చునే ఉన్నాను. నా పక్కనున్న తెల్లజుట్టు పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ నా వైపు వంగి, "ఎంత గొప్ప మనిషో కదా, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి" అంది గుసగుసగా. నేను పాటకు కరిగిపోయాననుకుని మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

హ్యూ చేతులు దించాడు. చాపెల్ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాళ్లతో పాటు నేనూ లేచి చప్పట్లు కొట్టాను.